భూకంపానికి ముందు నేల నుంచి విద్యుదయస్కాంత సంకేతాలు వస్తాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

భూకంపానికి ముందు లోపలి రాళ్ల మీద ఒత్తిడి పేరుకుంటుంది. ఒత్తిడి పడిన రాయిలో విద్యుత్తు పుట్టగలదు. ఈ రెండు మాటల్లోనూ తప్పు లేదు. చిక్కంతా మూడో మాట దగ్గరే మొదలవుతుంది: "అయితే ఆ విద్యుత్తును పసిగట్టి భూకంపాన్ని ముందే చెప్పేయొచ్చుగా?" చాలా ఏళ్లుగా ఈ విషయం చదువుతున్నాను, ఒక తీగచుట్టతో సొంతంగా కొలుస్తున్నాను కూడా. ఎక్కువమంది నన్ను అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసిన మేరకు జవాబులు ఇవి.

ముందు సూటిగా చెప్పండి. ఈ సంకేతాలతో భూకంపాన్ని ముందే చెప్పగలమా?

ఇవాళ చెప్పలేం. ఎక్కడ, ఎప్పుడు, ఎంత తీవ్రతతో అన్న మూడూ ముందే చెప్పి, వరుసగా నిజమని చూపించిన పద్ధతి ఇంతవరకు ఒక్కటీ లేదు. 2009లో ఇటలీలోని లాక్విలా భూకంపం తర్వాత వివిధ దేశాల శాస్త్రవేత్తలతో ఏర్పడిన సంఘం పూర్వసూచనలన్నింటినీ పరిశీలించి 2011లో నివేదిక ఇచ్చింది. అందులో తేలిందీ ఇదే. అలాగని ఈ పరిశోధన పనికిరానిదని నేను అనను. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

"తక్కువ పౌనఃపున్యం" అంటే ఎంత తక్కువ?

ఈ రంగంలో ఎక్కువగా చూసేది 10 హెర్ట్జ్‌కు లోపలి సంకేతాలను. వీటిని యూఎల్ఎఫ్ (అల్ట్రా లో ఫ్రీక్వెన్సీ) అంటారు. 0.01 హెర్ట్జ్ తరంగం ఒక్కసారి పైకి లేచి దిగడానికి 100 సెకన్లు పడుతుంది. ఆ పైన కొన్ని వేల హెర్ట్జ్ వరకు ఈఎల్ఎఫ్, 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ వరకు వీఎల్ఎఫ్.

ఒక్క జాగ్రత్త. రేడియో ఇంజనీర్ల పట్టికలో యూఎల్ఎఫ్ అంటే 300 నుంచి 3000 హెర్ట్జ్. భూభౌతిక శాస్త్రజ్ఞులు అదే పేరును కొన్ని హెర్ట్జ్‌లకు లోపలి పట్టీకి వాడతారు. రెండు రకాల వ్యాసాలు కలిపి చదివేవాళ్లు ఇక్కడ తికమక పడటం చాలాసార్లు చూశాను. పేరు వదిలేసి అంకె చూడండి.

అంత తక్కువ పౌనఃపున్యమే ఎందుకు? మామూలు రేడియో తరంగాలు పనికిరావా?

లోతు నుంచి పైకి రాలేవు. నేల కొద్దో గొప్పో విద్యుద్వాహకమే. విద్యుదయస్కాంత తరంగం అందులో ప్రయాణిస్తూ క్షీణిస్తుంది, పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఇంకా త్వరగా క్షీణిస్తుంది. తరంగం బలం మూడింట ఒక వంతుకు కాస్త పైన మిగిలే లోతును "చర్మ లోతు" అంటారు. దాన్ని లెక్కగట్టడం తేలిక: నేల నిరోధకతను పౌనఃపున్యంతో భాగించి, వర్గమూలం తీసి, 503తో గుణిస్తే మీటర్లలో వస్తుంది.

నిరోధకత 100 ఓమ్-మీటర్లు ఉన్న నేలను తీసుకుందాం. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం తరంగానికి చర్మ లోతు అర మీటరు. 10 కిలోహెర్ట్జ్‌కు 50 మీటర్లు. 1 హెర్ట్జ్‌కు 5 కిలోమీటర్లు. 0.01 హెర్ట్జ్‌కు 50 కిలోమీటర్లు.

భూకంపాలు పుట్టే లోతు సాధారణంగా కిలోమీటర్లలో, ఒక్కోసారి పదుల కిలోమీటర్లలో ఉంటుంది. 18 కిలోమీటర్ల లోతున 10 హెర్ట్జ్ సంకేతం పుట్టిందనుకోండి. ఇదే నేలలో అది పైకి చేరేసరికి సుమారు 80 వేలలో ఒక వంతు మిగులుతుంది. 1 హెర్ట్జ్ అయితే దాదాపు 36లో ఒక వంతు. 0.01 హెర్ట్జ్ అయితే పెద్ద నష్టం లేకుండానే వస్తుంది. దూరం పెరిగేకొద్దీ సంకేతం పలచబడే నష్టం వీటికి అదనం. ఇక పైన సముద్రం ఉంటే పరిస్థితి మరీ కష్టం: ఉప్పునీటిలో 1 హెర్ట్జ్ తరంగానికి కూడా చర్మ లోతు 300 మీటర్లు దాటదు.

అందుకే ఎవరైనా "మా రేడియోలో మెగాహెర్ట్జ్ శబ్దం వినిపించింది, అది నేల లోతుల్లోంచి వచ్చింది" అంటే నేను ముందు ఈ లెక్క చేసి చూపిస్తాను.

రాయిలో విద్యుత్తు ఎలా పుడుతుంది?

ఒక్క దారి కాదు, నాలుగున్నాయి.

అందరికీ తెలిసింది క్వార్ట్జ్. గ్యాస్ లైటర్ నొక్కినప్పుడు నిప్పురవ్వ రావడానికి ఏ సూత్రం కారణమో అదే ఇక్కడా: కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి అంచుల మధ్య వోల్టేజీ ఏర్పడుతుంది. గ్రానైట్ నిండా క్వార్ట్జ్ ఉంటుంది. కానీ రాయిలో ఆ గింజలు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి కనుక ఒకదాని వోల్టేజీని ఇంకొకటి చాలావరకు కొట్టేస్తుంది.

రెండోది నీళ్ల పని. రాతి రంధ్రాల్లో ఉప్పదనం ఉన్న నీరు ఉంటుంది. రంధ్రం గోడకు ఒక రకం ఆవేశం అంటిపెట్టుకుంటే, దానికి ఎదురు ఆవేశం నీటిలో తేలుతూ ఉంటుంది. పీడనం మారి నీరు కదిలితే ఆవేశమూ కదులుతుంది, అంటే కరెంటు పారినట్టే. ప్రయోగశాలలోనూ బయటా ఇది గట్టిగా రుజువైన విషయం. నాకు అన్నిటికంటే నమ్మదగినదిగా అనిపించే దారి కూడా ఇదే, ఎందుకంటే భ్రంశాల (రాతి పొరలు విరిగి జారే పగుళ్ల) చుట్టూ నీటి పీడనం మారడం అన్నది వేరే కొలతల్లోనూ కనిపిస్తుంది.

మూడోది అయస్కాంత ఖనిజాలది. మాగ్నటైట్ ఉన్న రాయి మీద ఒత్తిడి మారితే దాని అయస్కాంతత్వం కొద్దిగా మారుతుంది. 1992 జూన్ 28న కాలిఫోర్నియాలో 7.3 తీవ్రతతో లాండర్స్ భూకంపం వచ్చినప్పుడు, దగ్గరి మాగ్నిటోమీటర్లలో (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాల్లో) సుమారు 1 నానోటెస్లా మార్పు నమోదైంది. ఆ క్షేత్రం బలాన్ని కొలిచే చాలా చిన్న ప్రమాణం నానోటెస్లా. సిద్ధాంతం చెప్పిన అంకెకు అది సరిపోయింది కూడా. అయితే ఆ మార్పు వచ్చింది భూకంపంతో పాటే, ముందు కాదు.

నాలుగోది ఫ్రీడెమన్ ఫ్రాయిండ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించింది. అగ్నిశిలల ఖనిజాల్లో ఆక్సిజన్ పరమాణువులు జంటలుగా ఉండే బంధాలు కొన్ని ఉంటాయని, ఒత్తిడికి అవి విడిపోతే ధనావేశ వాహకాలు పుట్టి, ఒత్తిడి లేని రాయిలోకి ప్రవహిస్తాయని ఆయన అంటారు. ప్రయోగశాలలో రాతి దిమ్మెలను నొక్కి కరెంటును చూపించారు. నీళ్లతో తడిసి, వేడెక్కి ఉన్న లోతుల్లోని రాయిలో ఆ వాహకాలు కిలోమీటర్ల దూరం బతికి రాగలవా అన్నదే చర్చ.

ఎక్కడ చూసినా లోమా ప్రియేటా పేరే వినిపిస్తుంది. అక్కడ ఏం జరిగింది?

ఈ రంగం మొత్తం ఆ ఒక్క రికార్డు చుట్టూ పెరిగిందంటే తప్పులేదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1989 అక్టోబర్ 17 సాయంత్రం 5 గంటల 4 నిమిషాలకు కాలిఫోర్నియాలో శాంటాక్రూజ్ కొండల కింద 6.9 తీవ్రతతో భూమి కంపించింది. దాన్నే లోమా ప్రియేటా భూకంపం అంటారు. 63 మంది చనిపోయారు. భూకంప కేంద్రానికి 7 కిలోమీటర్ల దూరంలో, కొరలిటోస్ అనే చోట, స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంటొనీ ఫ్రేజర్-స్మిత్ బృందం పెట్టిన అయస్కాంత గ్రాహకం ఒకటి పనిచేస్తోంది. అది భూకంపాల కోసం పెట్టింది కాదు. సహజ అయస్కాంత రొద ఎంత ఉంటుందో కొలవడానికి పెట్టింది. 0.01 నుంచి 10 హెర్ట్జ్ వరకు ఉన్న పరిధిని పట్టీలుగా విడగొట్టి, అరగంటకో అంకె చొప్పున రాసుకుంటూ పోయేది.

తర్వాత ఆ రికార్డు తీసి చూస్తే, అక్టోబర్ 5 నుంచే 0.01 హెర్ట్జ్ దగ్గర స్థాయి పెరిగి ఉంది. భూకంపానికి సుమారు మూడు గంటల ముందు కింది పట్టీల్లో సంకేతం ఒక్కసారిగా లేచి, కరెంటు పోయేదాకా అలాగే ఉంది. 1990లో ఈ ఫలితం అచ్చయింది. చదివిన ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

2009లో జెరెమీ థామస్, జెఫ్రీ లవ్, మాల్కమ్ జాన్‌స్టన్ ఆ రికార్డును మళ్లీ తీసి, వేరే అయస్కాంత కేంద్రాల కొలతలతో పోల్చారు. భూకంపంతో సంబంధం లేని మామూలు సంకేతాన్ని తీసుకుని, పరికరం సున్నితత్వం మారినట్టు లెక్క వేస్తే, కొరలిటోస్ వింత రూపం దాదాపు వచ్చేస్తుందని చూపించారు. అంటే పరికర దోషం అయ్యే అవకాశం గట్టిగా ఉంది. అదే ఏడాది ఇంకో విశ్లేషణ ఆ పెరుగుదలను సూర్యుడి వల్ల వచ్చే సహజ అయస్కాంత అలజడికి ఆపాదించింది. 1989 సౌర చక్రం ఉధృతంగా ఉన్న సంవత్సరం. అదే ఏడాది మార్చి 13న సౌర తుపాను కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమంతటా కరెంటు పోగొట్టింది.

నన్ను ఎక్కువగా బాధించే సంగతి మరొకటి ఉంది. అక్కడ గ్రాహకం ఒక్కటే ఉంది. పదిహేను కిలోమీటర్ల దూరంలో అలాంటిదే ఇంకొకటి ఉండి ఉంటే ఈ వాదన ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయేది. ఒకే సాక్షి ఉన్నప్పుడు ఆ సాక్షి చెప్పింది నిజమో కాదో తేల్చే దారి ఉండదు.

ఆ తర్వాత ఇంకెక్కడా మళ్లీ కనిపించలేదా?

బాగా ఎదురుచూసింది పార్క్‌ఫీల్డ్ దగ్గర. కాలిఫోర్నియాలో శాన్ ఆండ్రియాస్ భ్రంశం మీద ఉన్న ఈ చిన్న ఊరి దగ్గర 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో ఇంచుమించు ఒకే తీరులో భూకంపాలు వచ్చాయి. తర్వాతిది 1993లోపు వస్తుందని అంచనా వేసి, ఆ ప్రాంతమంతా పరికరాలతో నింపారు. అది రావడం 2004 సెప్టెంబర్ 28న వచ్చింది, తీవ్రత 6.0. అయస్కాంత, విద్యుత్ కొలతలన్నీ సిద్ధంగా ఉన్నాయి. భూకంపంతో పాటు వచ్చిన మార్పు నమోదైంది. ముందు మాత్రం ఏమీ కనిపించలేదు.

నమ్మేవాళ్ల వాదన ఒకటుంది, అది న్యాయమైనదే: 6.0 కంటే 6.9లో విడుదలయ్యే శక్తి 20 రెట్లు పైనే ఎక్కువ, కాబట్టి చిన్నదానిలో సంకేతం రొదలో మునిగిపోయి ఉండొచ్చు. ఉండొచ్చు. కానీ కళ్లు తెరుచుకుని కూర్చున్న చోట కనిపించకపోవడాన్ని పక్కన పెట్టేయలేం.

1988 డిసెంబర్‌లో అర్మేనియాలోని స్పితాక్, 1993 ఆగస్టులో పసిఫిక్ దీవి గువామ్ భూకంపాల ముందు కూడా యూఎల్ఎఫ్ మార్పులు చూశామని వ్యాసాలు వచ్చాయి. గువామ్ విషయంలో తర్వాతి పరిశీలన ఏం చెప్పిందంటే, ఆ హెచ్చుతగ్గులు భూగోళమంతటా ఉన్న అయస్కాంత అలజడితో కలిసి నడిచాయని.

గ్రీసులో కొందరు ముందే చెప్పారని విన్నాను. నిజమేనా?

పనయోటిస్ వరోట్సోస్, కెసార్ అలెక్సోపౌలోస్, కోస్టాస్ నోమికోస్ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో "వ్యాన్" పద్ధతి 1980లలో పుట్టింది. నేలలో ఎలక్ట్రోడ్లు పాతి, వాటి మధ్య వోల్టేజీ తేడాలో వచ్చే చిన్న చిన్న మార్పులను గమనిస్తారు. కొన్ని భూకంపాలను ముందే చెప్పామని వాళ్లంటారు. చెప్పిన స్థలం, తీవ్రత, గడువు ఎంత వదులుగా ఉన్నాయంటే, గ్రీసు లాంటి తరచూ కంపించే దేశంలో యాదృచ్ఛికంగా కూడా అన్ని సరిపోతాయని విమర్శకులంటారు. 1996లో ఒక శాస్త్ర పత్రిక ప్రత్యేక సంచిక మొత్తాన్ని ఈ వాదానికే కేటాయించింది. ఒకే అంచనాల జాబితా చూసి ఇరు పక్షాలూ ఎదురెదురు నిర్ణయాలకు వచ్చాయి. గెలుపంటే ఏమిటో ముందే రాసుకోకపోతే జరిగేది ఇదే.

ఆకాశం నుంచి చూస్తే?

రెండు దారులున్నాయి. ఒకటి వీఎల్ఎఫ్ రేడియో. జలాంతర్గాములతో సంభాషణకు, దిక్సూచనకు పెట్టిన శక్తిమంతమైన ప్రసారాలు నేలకూ అయనావరణానికీ (వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొరకు) మధ్య సొరంగంలో పోయినట్టు పోతాయి. అయనావరణం కింది అంచు కదిలితే అందే సంకేతం మారుతుంది. 1995 జనవరి 17 నాటి కోబె భూకంపానికి కొద్ది రోజుల ముందు, జపాన్‌లోనే త్సుషిమా నుంచి ఇనుబో చేరే 10.2 కిలోహెర్ట్జ్ ప్రసారంలో సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో కనిపించే గుర్తులు వాటి మామూలు సమయం నుంచి పక్కకు జరిగాయని హయకవా, మోల్చనోవ్ బృందం చూపించింది. ఇక్కడ గమనించాల్సింది: ఈ పద్ధతిలో సంకేతం నేలలోంచి రాదు. నేల ఏదో ఒక విధంగా పైనున్న అయనావరణాన్ని కదిలించిందన్నది ఊహ. ఎలా అన్నదానికి ఒప్పుకోదగ్గ వివరణ ఇంకా లేదు.

రెండోది ఉపగ్రహాలు. ఫ్రాన్స్ 2004 జూన్‌లో పంపిన డెమెటర్ 2010 చివరి వరకు పనిచేసింది. దాని కొలతల్లో వేల భూకంపాలను కలిపి చూస్తే, రాత్రివేళ, భూకంపానికి ముందు నాలుగు గంటల్లో, 1.7 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగాల తీవ్రత కొద్దిగా తగ్గినట్టు 2008లో తేలింది. పెరగలేదు, తగ్గింది. నాకు ఆసక్తిగా అనిపించేది అదే, ఎందుకంటే ముందే అనుకున్నది దొరికించుకునే వాళ్లు పెరుగుదలనే వెతుకుతారు. కానీ ఇది వేల సంఘటనల సగటు. ఏ ఒక్క భూకంపాన్నీ ఇది విడిగా పట్టించదు.

చైనా, ఇటలీ కలిసి 2018 ఫిబ్రవరి 2న ఇంకో ఉపగ్రహాన్ని పంపాయి. దానికి క్రీ.శ. 132లో భూకంప సూచిని తయారుచేసిన జాంగ్ హెంగ్ పేరు పెట్టారు.

గ్రాఫులో ఉన్నట్టుండి పెద్ద గీత లేచింది. అది భూకంప సంకేతం కాదని ఎలా చెప్పగలరు?

అవునని చెప్పడానికే ఆధారం కావాలి. భూమి అయస్కాంత క్షేత్రం చోటును బట్టి సుమారు 25 వేల నుంచి 65 వేల నానోటెస్లాలు. మనం వెతికేది 1 నానోటెస్లా, అంతకంటే తక్కువ. సౌర తుపాను ఒక్కటి వందల నానోటెస్లాల అలజడి తెస్తుంది. ప్రపంచమంతటి మెరుపుల వల్ల 7.8 హెర్ట్జ్ దగ్గర ఒక శాశ్వతమైన గుంయ్‌మనే రొద ఉంటుంది. డీసీ కరెంటుతో నడిచే రైళ్లు మరీ ఇబ్బంది: శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో నడిచే రైళ్ల ప్రవాహాలు సరిగ్గా యూఎల్ఎఫ్ పట్టీలోనే పడతాయి.

నా తీగచుట్టలో ఒకసారి వరుసగా మూడు రాత్రులు ఒకే వేళకు ఉబ్బు కనిపించింది. నాలుగో రోజు దూరంలో ఎక్కడో మధ్యతరహా భూకంపం వచ్చింది. గుండె వేగంగా కొట్టుకుంది. ఐదో రాత్రి, ఆరో రాత్రి కూడా ఉబ్బు వచ్చింది. వెతుక్కుంటూ పోతే పక్క స్థలంలో రాత్రిళ్లు నడిచే నీటి మోటారు తేలింది. నాలుగో రోజే కొలవడం ఆపి ఉంటే ఈపాటికి ఆ గ్రాఫును అందరికీ చూపిస్తూ తిరిగేవాణ్ని.

మరి నమ్మకం కలగాలంటే ఏం చూపించాలి?

నాలుగు లెక్కలు. సంకేతం వచ్చింది, భూకంపం వచ్చింది. సంకేతం వచ్చింది, భూకంపం రాలేదు. సంకేతం రాలేదు, భూకంపం వచ్చింది. రెండూ రాలేదు. అచ్చయ్యే వ్యాసాల్లో చాలావరకు మొదటి గడి ఒక్కటే కనిపిస్తుంది. మిగతా మూడూ లేకుండా ఆ మొదటి గడికి అర్థం లేదు.

ఆ పని ఓపికగా చేసినవాళ్లు ఉన్నారు. జపాన్‌లోని కకియోకా అయస్కాంత కేంద్రం 2001 నుంచి 2010 వరకు తీసిన కొలతలను పరిశీలిస్తే, దగ్గర్లో వచ్చిన పెద్ద భూకంపాలకు 6 నుంచి 15 రోజుల ముందు యూఎల్ఎఫ్ వింతలు మామూలుకంటే ఎక్కువగా ఉన్నాయని తేలింది. కాలిఫోర్నియాలో దశాబ్దం పాటు నడిచిన మాగ్నిటోమీటర్ల వ్యవస్థ మీద 2022లో వచ్చిన అధ్యయనం కూడా భూకంపానికి 24 నుంచి 72 గంటల ముందు ఒక స్వల్ప సంకేతం ఉన్నట్టు చెప్పింది. "స్వల్ప" అన్న మాట ఆ పరిశోధకులదే. ఊరు ఖాళీ చేయించడానికి అది చాలదు. ఇంకా కొలవాలి అనడానికి చాలు. నేను ఈ రంగాన్ని వదలకుండా పట్టుకుని ఉండటానికి కారణం ఇలాంటి పనులే.

హార్ప్ కేంద్రం నుంచి తరంగాలు పంపి భూకంపాలు పుట్టిస్తున్నారట కదా?

లేదు. అలాస్కాలో అయనావరణ పరిశోధనకు పెట్టిన ఆ కేంద్రం ప్రసార శక్తి 3.6 మెగావాట్లు, పౌనఃపున్యం 2.7 నుంచి 10 మెగాహెర్ట్జ్. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ తరంగాలు నేలలోకి కొన్ని మీటర్లకు మించి దిగలేవు. శక్తి విషయానికొస్తే, 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో వచ్చిన 7.8 తీవ్రత భూకంపం తరంగాలుగా విడుదల చేసినంత శక్తిని వెదజల్లాలంటే ఆ కేంద్రం క్షణం ఆగకుండా 250 ఏళ్లకు పైగా పనిచేయాలి. అంతమంది చనిపోయిన చోట ఇలాంటి మాటలు పుట్టించడం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది.

ఫోనుకు వచ్చే భూకంప హెచ్చరిక ఇదేనా?

కాదు. అది భూకంపం మొదలైన తర్వాత వచ్చేది. ముందు చేరే పీ తరంగం సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు, నష్టం చేసే ఎస్ తరంగం దాదాపు 3.5 కిలోమీటర్లు వెళతాయి. దగ్గరి పరికరాలు పీ తరంగాన్ని పట్టగానే కబురు కాంతి వేగంతో దూరంగా ఉన్నవాళ్లకు చేరుతుంది. దొరికేది కొన్ని సెకన్లు, ఒక్కోసారి కొన్ని పదుల సెకన్లు. జపాన్‌లో 2007 అక్టోబర్ నుంచి ప్రజలకు ఇలా అందుతోంది. ఇది నిలకడగా పనిచేస్తున్న వ్యవస్థ. ఆ హెచ్చరిక వస్తే ఆలోచించకుండా బల్ల కిందకు దూరండి.

భూకంపానికి ముందు ఆకాశంలో వెలుగులు కనిపిస్తాయంటారు?

1960ల మధ్యలో జపాన్‌లోని మత్సుషిరోలో వరుస భూకంపాలు వచ్చినప్పుడు ఫొటోలు తీశారు. కొన్ని వెలుగులు నిజమే అయి ఉండాలని నా అభిప్రాయం. ఈ కాలపు వీడియోల్లో కనిపించే నీలి మెరుపుల్లో చాలావరకు కరెంటు తీగలు తగులుకుని, ట్రాన్స్‌ఫార్మర్లు పేలి వచ్చేవే.

"రాబోయే మూడు రోజుల్లో భూకంపం" అని సందేశం వచ్చింది. ఏం చేయాలి?

మూడు వివరాలు ఉన్నాయేమో చూడండి: చోటు, గడువు, తీవ్రత. ప్రపంచం మొత్తం మీద 5 లేదా అంతకంటే ఎక్కువ తీవ్రత ఉన్న భూకంపాలు సగటున రోజుకు నాలుగు వస్తాయి. 6 దాటినవి ఏడాదికి నూరుకు పైనే. కాబట్టి "త్వరలో ఎక్కడో ఒకచోట" అన్న జోస్యం ఎప్పుడూ ఫలిస్తుంది. వివరాలు మూడూ ఉంటే, ఆ పంపినవారు గతంలో చెప్పి తప్పినవి కూడా చూపించమని అడగండి. దాన్ని ఇతరులకు మాత్రం పంపకండి. భూకంప ప్రాంతంలో ఉంటే బరువైన అలమరాలను గోడకు బిగించుకోవడం ఏ రోజైనా చేయదగ్గ పనే, దానికి జోస్యం అక్కర్లేదు.

నేనూ ఇంట్లో పరికరం పెట్టుకుని కొలవొచ్చా?

తప్పకుండా. ఇనుప లేదా ఫెర్రైట్ కడ్డీకి సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి, తక్కువ రొద ఉన్న ఆంప్లిఫయర్ తగిలిస్తే మొదలుపెట్టొచ్చు. చుట్టను ఇంటికి, దారికి వీలైనంత దూరంగా నేలలో పాతండి. గాలికి కడ్డీ అణువంత ఊగినా భూమి క్షేత్రంలో అది పెద్ద సంకేతంగా కనిపిస్తుంది. భూకంప తరంగం వచ్చి కదిలించినప్పుడు కూడా అంతే, దాన్ని నేల పంపిన విద్యుత్ సంకేతం అనుకోవద్దు. గడియారాన్ని జీపీఎస్‌తో సరిచేయండి. వీలైతే కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న మిత్రుడి చేత ఇంకొకటి పెట్టించండి, రెండింటిలోనూ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఏ స్థాయి దాటితే "సంకేతం" అంటారో మొదటి రోజే కాగితం మీద రాసి తేదీ వేయండి, తర్వాత దాన్ని మార్చకండి. ఏమీ జరగని రోజుల ఫైళ్లను చెరిపేయకండి. రెండేళ్ల తర్వాత మీ దగ్గర ఎవరైనా అడిగేది వాటినే.